పడిపోయిన చేతికి అద్దంతో సాధన: ఇంట్లో మిర్రర్ థెరపీ చేయించే పద్ధతి

స్ట్రోక్ వచ్చి ఒక చెయ్యి పడిపోయినవాళ్లకు ఫిజియోథెరపిస్టులు చెప్పే వ్యాయామాల్లో చూడటానికి కాస్త వింతగా ఉండేది అద్దంతో చేయించేది. బల్ల మీద అద్దం నిలబెడతారు. పడిపోయిన చేతిని దాని వెనక దాచేస్తారు. బాగున్న చేతిని అద్దం ముందు పెట్టి, మెల్లగా ఆడిస్తూ అద్దంలోకే చూడమంటారు. “పనిచేయనిది ఆ చెయ్యి కదండీ, బాగున్న చేతికి వ్యాయామం ఎందుకు?” అని ఇంట్లోవాళ్లు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

ఈ సాధన ముఖ్యంగా మెదడు కోసం. స్ట్రోక్‌లో దెబ్బతినేది చెయ్యి కాదు, చేతిని నడిపించే మెదడు భాగం. ఎడమవైపు మెదడు దెబ్బతింటే కుడి చెయ్యి, కుడివైపు దెబ్బతింటే ఎడమ చెయ్యి పడిపోతాయి. కండరాలు ఎక్కడివక్కడే ఉంటాయి, వాటికి ఆజ్ఞ అందదు. అద్దంలో చూసినప్పుడు బాగున్న చేతి ప్రతిబింబం సరిగ్గా పడిపోయిన చెయ్యి ఉండాల్సిన చోటే కనిపిస్తుంది. కుడి పిడికిలి మూసి తెరిస్తే, ఎడమ పిడికిలి మూసి తెరిచినట్టు ఉంటుంది. అది నిజం కాదని మనసుకు తెలుసు. అయినా కళ్లు చెప్పినదాన్ని మెదడు అంత తేలిగ్గా కొట్టిపారేయదు. అలా చూస్తున్నంతసేపూ దెబ్బతిన్న వైపు, కదలికలను నడిపించే భాగంలో చురుకుదనం పెరుగుతుందని పరిశోధనల్లో కనిపించింది. ఎందుకలా జరుగుతుందన్న దానిపై మాత్రం శాస్త్రవేత్తల్లో ఏకాభిప్రాయం లేదు. ఎదుటివారి కదలిక చూసినా స్పందించే మెదడు కణాలైన మిర్రర్ న్యూరాన్ల వల్లనేనని కొందరంటారు. దాదాపు మరిచిపోయిన చేతి మీదకు ధ్యాస మళ్లడమే అసలు కారణమని ఇంకొందరంటారు.

ఈ ఆలోచన పుట్టింది స్ట్రోక్ కోసం కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్ డియాగో శాఖలో పనిచేసిన నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్, 1990లలో చెయ్యి తెగిపోయినవాళ్ల మీద దీన్ని ప్రయోగించారు. లేని చెయ్యి నొప్పి పెడుతోందని, పిడికిలి బిగుసుకుపోయిందని వాళ్లు బాధపడేవారు. అద్దంలో ఆ చెయ్యి తెరుచుకున్నట్టు కనబడగానే కొందరికి ఉపశమనం కలిగింది. 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో, స్ట్రోక్ వచ్చిన 9 మంది మీద చేసిన చిన్న అధ్యయనం వచ్చింది. వాళ్లు కొన్ని వారాలు అద్దంతో, కొన్ని వారాలు అద్దం బదులు పారదర్శకమైన ప్లాస్టిక్ పలకతో సాధన చేశారు. అద్దంతో చేసినప్పుడే ఎక్కువ మెరుగుదల కనిపించింది. ఆ తర్వాత ఎన్నో అధ్యయనాలు జరిగాయి. 2018లో, వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కొక్రేన్ సంస్థ 62 అధ్యయనాలను, వాటిలో పాల్గొన్న 1,982 మంది వివరాలను కలిపి చూసి, చేతి కదలిక, రోజువారీ పనులు చేసుకునే శక్తి మెరుగుపడటానికి ఇది ఉపయోగపడుతుందని తేల్చింది. ఆధారాల బలం మధ్యస్థమని కూడా చెప్పింది. అంటే, ఇది మాయ కాదు, మోసమూ కాదు. మామూలు ఫిజియోథెరపీకి తోడుగా చేసుకోదగ్గ సాధన. దాని బదులు చేసేది కాదు.

ఎవరికి సరిపోతుంది

దీని గొప్పతనం ఏమిటంటే, చెయ్యి ఏమాత్రం కదలనివాళ్లు కూడా చేయొచ్చు. చాలా వ్యాయామాలకు కాస్తో కూస్తో కదలిక ఉండాలి. దీనికి అక్కర్లేదు. కావలసినవి వేరే ఉన్నాయి: కుర్చీలో ఆనుకునైనా నిటారుగా కూర్చోగలగాలి, చెప్పింది అర్థం కావాలి, పది నిమిషాలైనా ఒకదాని మీద ధ్యాస నిలపగలగాలి, అద్దంలో బొమ్మ స్పష్టంగా కనబడాలి.

కుడివైపు మెదడు దెబ్బతిన్న కొందరు తమకు ఎడమవైపు ఒకటుందనే సంగతే పట్టించుకోరు. కంచంలో ఎడమ సగం వదిలేస్తారు, ఎడమవైపు నుంచి పిలిస్తే పలకరు. అలాంటివాళ్లతో ఇంట్లో సొంతంగా మొదలుపెట్టకండి, థెరపిస్టు దగ్గరుండి చేయించాలి. చూపులో సగభాగం పోయినవాళ్లు తల ఎంత తిప్పితే అద్దం పూర్తిగా కనబడుతుందో ముందే చూసుకోవాలి. భుజం కీలు జారినా, చెయ్యి వాచి నొప్పిగా ఉన్నా, డాక్టర్‌కు చూపించాకే మొదలుపెట్టాలి. ఇవేమీ లేకపోయినా మొదటి ఒకటి రెండుసార్లు థెరపిస్టు ముందు చేస్తే మంచిది. కూర్చునే తీరులో తప్పులు వాళ్ల కంటికే దొరుకుతాయి.

అద్దం, బల్ల, కుర్చీ

మోచేతి నుంచి వేలికొసల దాకా ముంజేయి మొత్తం ప్రతిబింబం కనబడేంత అద్దం కావాలి. దాదాపు 60 సెంటీమీటర్ల పొడవు, 40 సెంటీమీటర్ల ఎత్తు ఉంటే సరిపోతుంది. ముఖం చూసుకునే చిన్న అద్దంతో కుదరదు. చెయ్యి కాస్త పక్కకు జరిగిందంటే వేళ్లు మాయమవుతాయి, దాంతో భ్రమ చెదిరిపోతుంది. గాజుదైతే అంచులకు టేపు వేయండి. పగలని ఆక్రిలిక్ అద్దమైతే ఇంకా నయం, కాకపోతే వంగి బొమ్మను సాగదీయకూడదు. చెయ్యి లోపల పెట్టేలా తయారైన మిర్రర్ బాక్సులూ దొరుకుతాయి. నా ఓటు మాత్రం స్టాండ్ మీద నిలిపిన పెద్ద అద్దానికే. పెట్టెలో మణికట్టు తిప్పడానికి, వస్తువులు పట్టుకోవడానికి చోటు చాలదు.

అద్దం పొరపాటున తగిలినా పడిపోకుండా గట్టిగా నిలబడాలి. పడిపోయిన చేతిలో స్పర్శ సరిగ్గా లేకపోతే దెబ్బ తగిలినా తెలియదు, కాబట్టి ఇక్కడ అశ్రద్ధ పనికిరాదు.

కుర్చీలో పాదాలు నేలకు ఆనాలి, వీపుకు ఆసరా ఉండాలి. మోచెయ్యి హాయిగా వంగి, ముంజేయి మొత్తం బల్ల మీద ఆనే ఎత్తు చూసుకోండి. అద్దాన్ని ఛాతీ మధ్యకు ఎదురుగా, శరీరాన్ని రెండు సగాలు చేస్తున్నట్టు నిలపాలి. మెరిసే వైపు బాగున్న చేతి వైపు ఉండాలి. వెలుతురు బాగున్న చేతి మీద పడేలా దీపాన్ని సర్దండి.

చేతులు సర్దడం

బాగున్న చేతి ఉంగరం, వాచీ, గాజులు తీసేయండి. అద్దంలో కనిపించే చేతికి వాచీ ఉంటే “ఇది నా ఆ చెయ్యి కాదు” అని మెదడు ఇట్టే పసిగట్టేస్తుంది. పచ్చబొట్టు ఉంటే పొడుగు చేతుల చొక్కాతో కప్పేయొచ్చు. రెండు చేతులకూ ఒకే రకం బట్ట ఉండాలి.

పడిపోయిన చేతిని అద్దం వెనక మెత్తటి తువ్వాలు మీద పెట్టండి. ఎత్తేటప్పుడు మణికట్టు పట్టుకుని లాగొద్దు. పట్టు తప్పిన భుజం కీలు అలా లాగితే జారుతుంది, తర్వాత నెలల తరబడి నొప్పి. ఒక చెయ్యి మోచేతి కింద, ఇంకోటి మణికట్టు కింద పెట్టి, మొత్తం చేతిని ఒకేసారి లేపండి. వేళ్లు గట్టిగా ముడుచుకుని ఉంటే ముందు మణికట్టును కొద్దిగా లోపలికి వంచండి, వేళ్ల బిగువు తగ్గుతుంది. అప్పుడు బొటనవేలి మొదట్లో పట్టుకుని మెల్లగా బయటికి తెరిస్తే మిగతా వేళ్లూ వదులవుతాయి. ఒక్కో వేలినీ కొస పట్టుకుని గుంజితే ఇంకా బిగుస్తాయి. ఎంత చేసినా పూర్తిగా తెరుచుకోకపోతే వదిలేయండి, బాగున్న చేతినే దాని భంగిమలో పెట్టండి. రెండు చేతులూ ఒకే తీరులో ఉండటమే ముఖ్యం, ఏ తీరులో అన్నది తర్వాతి సంగతి.

ముందు చూడటం, తర్వాతే కదపడం

చాలామంది దాటవేసే మెట్టు ఇదే. కూర్చోగానే పిడికిలి మూయడం, తెరవడం మొదలుపెట్టేస్తారు. అలా కాకుండా మొదటి రెండు మూడు నిమిషాలు రెండు చేతులూ కదలకుండా అద్దంలోకి చూడనివ్వండి. అక్కడ కనబడేది తన పడిపోయిన చెయ్యేనని అనుకుంటూ చూడాలి. గోళ్లు, వేలి కణుపులు, అరచేతి గీతలు ఒక్కొక్కటిగా గమనించమనండి. కొందరికి మొదటి రోజే ఆ చెయ్యి తనదన్న భావన కలుగుతుంది. కొందరికి నాలుగైదు రోజులు పడుతుంది. ఎంతసేపు చూసినా “అద్దంలో నా కుడి చెయ్యే కనబడుతోంది” అంటుంటే, ముందు అద్దం కోణం సరిచూడండి. బొమ్మ, అద్దం వెనక పడిపోయిన చెయ్యి ఉన్న చోటికి కాస్త ముందో వెనకో పడుతుండొచ్చు. అద్దాన్ని కొద్దిగా జరిపితే చాలాసార్లు సమస్య తీరిపోతుంది.

ఇంకో ఇబ్బంది చూపుతో. కళ్లు అద్దం మీద నిలవవు. కదలిక కాస్త కష్టమవగానే చూపు దానంతటదే జారి అసలు చేతి మీద పడుతుంది. పక్కన కూర్చున్నవాళ్లు గమనించాల్సింది చేతిని కాదు, కళ్లను. జారినప్పుడల్లా “నాన్నా, అద్దంలోకి” అని మెల్లగా ఒక్క మాట చాలు. అదీ పనిచేయకపోతే బాగున్న చేతికి, కంటికి మధ్య చిన్న గుడ్డ అడ్డం కట్టండి. అయితే అద్దంలో బొమ్మకు ఆ గుడ్డ అడ్డురాకూడదు. నా అనుభవంలో ఈ సాధన ఫలించకపోవడానికి పెద్ద కారణం కదలికల ఎంపిక కాదు, చూపు జారిపోవడమే. అరగంట చేశామంటారు, అందులో అద్దంలోకి చూసింది పది నిమిషాలు కూడా ఉండదు.

కదలికలు

ప్రతి కదలికా నెమ్మదిగా ఉండాలి. తెరవడానికి రెండు సెకన్లు, మూయడానికి రెండు సెకన్లు. వేగంగా చేస్తే మెదడు నమ్మదు. పడిపోయిన చెయ్యి అంత చురుగ్గా కదలదని దానికి తెలుసు కదా.

మొదట్లో అరచెయ్యి బల్ల మీద ఆనించి, మణికట్టును పైకి లేపి దించడం. ముంజేతిని తిప్పి అరచెయ్యి ఒకసారి పైకి, ఒకసారి కిందికి చూపడం. పిడికిలి మూసి తెరవడం. ఒక్కోటి పది పదిహేనుసార్లు. ఇవి హాయిగా వచ్చాక వేళ్లను దూరం జరిపి దగ్గరికి తేవడం, ఒక్కో వేలినీ విడిగా లేపడం.

ఆ తర్వాత బొటనవేలి కొసను వరసగా మిగతా నాలుగు వేళ్ల కొసలకు తాకించడం. దీని మీద కాస్త ఎక్కువ సమయం పెట్టండి. బొటనవేలు చూపుడువేలి దగ్గరికి వంపు తిరుగుతూ రావడం, రెండు కొసలూ తాకడం, ఒక్క క్షణం ఆగడం, మళ్లీ అరచెయ్యి పూర్తిగా విప్పుకోవడం, ఇదంతా అద్దంలో పట్టిపట్టి చూడాలి. వస్తువు పట్టుకోవాలన్నా, గుండీ పెట్టుకోవాలన్నా, తాళంచెవి తిప్పాలన్నా ఆధారం ఈ కదలికే. చిటికెనవేలి దాకా పోకుండా ఉంగరపు వేలి దగ్గరే ఆగిపోయినా ఫరవాలేదు. తొందరపడి నాలుగూ ముగించడం కన్నా, ఒక్క వేలితోనే పది చక్కటి కదలికలు చేయడం మేలు.

వెనకున్న చెయ్యి ఏం చేయాలి? బాగున్న చెయ్యి చేసే పనే అదీ చేస్తున్నట్టు మనసులో ప్రయత్నించాలి. కాస్త కదలగలిగితే కదపనివ్వండి. ఏమీ రాకపోతే కదిలినట్టు ఊహించుకుంటే చాలు. బలం పెట్టొద్దు. గట్టిగా ప్రయత్నించిన కొద్దీ చెయ్యి మోచేతి దగ్గర ముడుచుకుంటుంది, భుజం పైకి లేస్తుంది, పిడికిలి బిగుస్తుంది. అది పురోగతి కాదు, బిగుతు పెరగడం. ఆ గుర్తులు కనబడితే వెనక చేతిని ఆపి, కాసేపు చూడటం మీదే ఉండండి. పక్కనున్నవాళ్లు వెనక చేతిని పట్టుకుని ఆడిస్తే ఎలా ఉంటుందని అడుగుతుంటారు. రెండు చేతుల లయ సరిగ్గా కలిస్తే ఉపయోగమే. సెకను తేడా వచ్చినా కళ్లు ఒకటి చెబుతాయి, చర్మం ఇంకొకటి చెబుతుంది. అందుకే థెరపిస్టు దగ్గర నేర్చుకున్నాకే అది చేయండి.

ఒకటి రెండు వారాలు గడిచాక వస్తువులు చేర్చొచ్చు: స్పాంజి నొక్కడం, గ్లాసు లేపి దించడం, మెత్తటి బంతి దొర్లించడం, పెన్ను తీసి పెట్టడం. స్పర్శ తగ్గినవాళ్లకు మెత్తటి బ్రష్‌తో చేసేది ఒకటుంది. రెండు చేతుల మీదా ఒకే చోట, ఒకే దిశలో, ఒకే క్షణంలో నిమరాలి, అద్దంలోకి చూస్తుండగానే. దీనికి పక్కన ఇంకో మనిషి తప్పనిసరి.

ఎంతసేపు, ఎన్నాళ్లు

అధ్యయనాల్లో ఎక్కువగా కనిపించే పద్ధతి రోజుకు 30 నిమిషాలు, వారానికి 5 రోజులు, 4 వారాలు. మొదటి రోజే అరగంట కూర్చోబెట్టకండి. స్ట్రోక్ తర్వాత వచ్చే అలసట మామూలు అలసట కాదు, మెదడే చేతులెత్తేసినట్టు ఉంటుంది. పది నిమిషాలతో మొదలుపెట్టండి. రోజులో పొద్దున పదిహేను, సాయంత్రం పదిహేను నిమిషాలుగా విడగొట్టినా సరే. టీవీ ఆపేయండి, ఫోను పక్క గదిలో పెట్టండి.

అద్దం తీసేశాక వెంటనే లేవకండి. మరో పది పదిహేను నిమిషాలు ఆ చేతినే నిజమైన పనిలో పెట్టండి. కదలిక ఉంటే గ్లాసు వైపు చెయ్యి చాచడం, గుడ్డతో బల్ల తుడవడం. లేకపోతే, బాగున్న చెయ్యి సీసా మూత తిప్పుతుంటే సీసా కదలకుండా పడిపోయిన చెయ్యి దానికి ఆనుకుని ఉండటం. ఎంత చిన్నదైనా దానికంటూ ఒక పని ఉండాలి. అద్దంతో మేలుకున్న మార్గాన్ని వాడుకోవడానికి ఇదే అదను. ఈ భాగాన్ని వదిలేసి అద్దం ఒక్కటే చేయించేవాళ్లు సగం పనే చేస్తున్నట్టు లెక్క.

ఇబ్బందులు వస్తే

మొదట్లో కొందరికి తల తిరుగుతుంది, వికారంగా ఉంటుంది, చెమటలు పడతాయి. కళ్లు చెప్పేదీ, శరీరం చెప్పేదీ కలవకపోవడం వల్ల అలా అవుతుంది. అద్దం మీద గుడ్డ కప్పి, బాగున్న చేతిని నేరుగా చూడమనండి. తగ్గాక మళ్లీ కొద్దిసేపు ప్రయత్నించొచ్చు. ప్రతిసారీ అదే జరిగితే ఆపేసి థెరపిస్టుకు చెప్పండి. ఇంకొందరికి ఎన్నో వారాల తర్వాత ఆ చెయ్యి కదిలినట్టు కనబడేసరికి ఏడుపు వస్తుంది. కంగారు పడకండి, ఏడవనివ్వండి. ఆ రోజుకు అక్కడితో ఆపేసినా నష్టం లేదు.

చెయ్యి ఎర్రబడి వాచి, ముట్టుకుంటేనే మంటగా ఉంటే అది వేరే సమస్య కావొచ్చు, డాక్టర్‌కు చూపించాలి. నొప్పికి కూడా అద్దం పనికొస్తుంది గానీ, అక్కడ పద్ధతి మారుతుంది. చాలా రోజులు కదలికలే లేకుండా చూడటంతోనే గడపాలి.

ముఖం ఒకవైపు కొత్తగా వాలినా, మాట తడబడినా, ఇదివరకు బాగున్న చెయ్యి గానీ కాలు గానీ ఉన్నట్టుండి బలం తప్పినా సాధన గురించి ఆలోచించొద్దు. మరో స్ట్రోక్ కావొచ్చు. క్షణం ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

మార్పు తెలిసేదెలా

రోజూ “ఈరోజు కదిలిందా?” అని అడగడం మానేయండి. రోజూ పరీక్ష పెడితే రోజూ ఫెయిలైనట్టే ఉంటుంది, మనిషికి ఊరికే టెన్షన్. వారానికి ఒక్కసారి, ఒకే రోజు, ఒకే కుర్చీలో, ఒకే పని చేయించి ఫోన్‌లో వీడియో తీయండి. పిడికిలి తెరవడం, గ్లాసు వైపు చెయ్యి చాచడం చాలు. థెరపిస్టులైతే ఫుగల్-మేయర్ అనే పరీక్షతో చేతికి 66కు ఎన్ని మార్కులో వేస్తారు. మీ వీడియోలు వాళ్లకు చూపిస్తే ఆ మార్కులకు తోడవుతాయి.

మొదట కనబడే మార్పు కదలికే కానక్కర్లేదు. చొక్కా తొడిగేటప్పుడు చెయ్యి ఇదివరకంత బిగుసుకోకపోవచ్చు. అన్నం తినేటప్పుడు ఆ చెయ్యి తనంతట తానే బల్ల మీదకు రావొచ్చు. ఇలాంటివీ రాసి పెట్టుకోండి. స్ట్రోక్ వచ్చిన మొదటి 3 నుంచి 6 నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది. ఆ గడువు దాటిపోయిందని అద్దం దగ్గరికి వెళ్లకుండా ఉండక్కర్లేదు. 1999 నాటి ఆ 9 మందికీ స్ట్రోక్ వచ్చి కనీసం 6 నెలలైంది.

నాలుగు వారాలు కళ్లు నిలిపి చేసినా ఏ మార్పూ కనబడకపోతే, మరో నాలుగు వారాలు అదే చేయించే ముందు థెరపిస్టుతో మాట్లాడండి. కరెంటుతో కండరాలను ప్రేరేపించే పద్ధతిని దీనికి జోడించొచ్చు, కదలికల తీరు మార్చొచ్చు. మార్పు వచ్చి, మణికట్టును 20 డిగ్రీలు, వేళ్లను 10 డిగ్రీలు వెనక్కి లేపగలిగే స్థితికి చేరితే ఇంకో దారి తెరుచుకుంటుంది. బాగున్న చేతికి రోజులో చాలాసేపు మందపాటి చేతితొడుగు వేసి, పనులన్నీ బలహీనమైన చేతితోనే చేయించే సాధన అది. అది అద్దం కన్నా చాలా కష్టం, విసుగు కూడా ఎక్కువే. ఆ స్థితికి వచ్చినవాళ్లను అద్దం దగ్గరే కూర్చోబెట్టకుండా, దానికి సిద్ధమయ్యారా అని థెరపిస్టును మీరే అడగండి.